పేరు తీసేశాం, ఊరు ఉంచేశాం

తెలుగు దినపత్రికల, వార్తా చానెళ్ళ సంపాదకులకు బహిరంగ లేఖ

నమస్కారం.

ఇరవై తొమ్మిదేళ్ళు జిల్లా డెస్కులో పనిచేసి రిటైరైన మనిషిని నేను. సబ్ ఎడిటర్‌గా చేరాను, ఎడిషన్ ఇన్‌చార్జిగా బయటికొచ్చాను. ఏ పత్రిక అన్నది ఇక్కడ అవసరం లేదు. నేను చెప్పబోయేది ఏ ఒక్క పత్రిక గురించీ కాదు. మీలో కొందరితో కలిసి అర్ధరాత్రి దాకా పేజీలు పెట్టించాను. ఆఖరి పేజీ ప్రెస్సుకు వెళ్ళాక బస్టాండు ఎదురుగా నిలబడి టీలు తాగాం. ఈ మాటలు మీకు విడిగా ఫోన్లో చెప్పొచ్చు. కానీ పాఠకులు కూడా వినాల్సినవివి. రేపు మన చేతుల్లో పడేది వాళ్ళింటి సంగతే కావచ్చు.

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను.

ఇరవై ఏళ్ళ పైమాట. ఒక మండలం కంట్రిబ్యూటర్ దగ్గర్నుంచి, అంటే అక్కడి వార్తలు పంపే విలేకరి దగ్గర్నుంచి, రాత్రి ఏడు దాటాక వార్త కాపీ వచ్చింది. పదో తరగతి చదివే అమ్మాయిపై అత్యాచారం. అమ్మాయి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్నీ ఉన్నాయి. ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నది ఉన్నట్టు దించేశాడు కుర్రాడు. నేను పేర్లన్నీ తీసేసి 'బాలిక' అని పెట్టాను. ఆ కుర్రాడికి ఫోన్ చేసి, బాధితురాలి పేరు రాయకూడదని తెలీదా అని కేకలేశాను కూడా. మంచిపని చేశానన్న తృప్తితోనే ఆ రాత్రి ఇంటికెళ్ళాను.

మూడోరోజు మధ్యాహ్నం ఆ తండ్రి మా ఆఫీసుకొచ్చాడు. చేతిలో మా పేపరు, నాలుగు మడతలు పెట్టి ఉంది. గొడవ చెయ్యలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. పేపరు విప్పి నా ముందు పరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. ఊరి పేరు, ఆ వెంటనే 'స్థానిక హాస్టల్లో వంట చేసే వ్యక్తి కుమార్తె' అని ఉంది.

"పేరు రాయలేదు గదా అన్నాడు బాబూ మీ విలేకరి. మా ఊళ్ళో హాస్టల్ ఒకటే. వంట చేసేది నేనొక్కణ్ణే. నాకున్నది ఒకతే కూతురు" అన్నాడు.

సవరణ వేస్తామని అనబోయి ఆగిపోయాను. ఏమని వెయ్యాలి? ఏది రాసినా ఆ ఇంటినే మళ్ళీ చూపించినట్టవుతుంది. అచ్చులో వచ్చిన అబద్ధాన్ని మర్నాడు దిద్దుకోవచ్చు. ఇక్కడ అచ్చయింది నిజం. దాన్ని వెనక్కి తీసుకునే దారి మన వృత్తిలో లేదు. ఆయన పేపరు నా టేబుల్ మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఆ ఏడాది పరీక్షలు రాయలేదనీ, వేసవిలో ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్ళిందనీ తర్వాత అదే కంట్రిబ్యూటర్ చెప్పాడు.

అప్పటినుంచి నా మనసులో ఉన్న మాట ఒక్కటే. మన ఊళ్ళల్లో, పేటల్లో ఆనవాలు చెబితే పేరు చెప్పినట్టే. పేరు తీసేసి ఆనవాళ్ళు ఉంచేయడం మన డెస్కుల్లో అలవాటైపోయింది. దాన్నే మనం జాగ్రత్త అనుకుంటున్నాం.

1980ల చివర్లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టి, మిగతా పత్రికలు కూడా అదే బాట పట్టాక తెలుగు జర్నలిజం బలమంతా ఊరి వార్తల్లోకి వచ్చింది. బోరింగు పాడైనా, రేషన్ బియ్యం దారి తప్పినా, ఆస్పత్రికి డాక్టరు రాకపోయినా మర్నాడు పేపర్లో వస్తుందన్న భయం మండలాఫీసుల్లో పుట్టించింది ఆ పేజీలే. ఆ బలాన్ని నేను ఎప్పుడూ తక్కువ చెయ్యను, నా జీవితమంతా అందులోనే గడిచింది. కానీ ఆ పేజీ చదివేది కూడా ఆ ఊరివాళ్ళే. 'హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఉద్యోగి' అంటే లక్షల్లో ఒకడు. 'రైల్వే గేటు దగ్గర టైలర్ భార్య' అన్నాక ఆమె పేరుతో పనేముంది? వీధి, కులం, తండ్రి వృత్తి, బడి పేరు, అన్న పనిచేసే చోటు, వీటిలో ఏ రెండు రాసినా చాలు. రాష్ట్రంలో మిగతావాళ్ళకు ఆమె ఎవరో తెలియకపోవచ్చు. కానీ పొద్దున్నే లేచి ఆమె నీళ్ళకు వెళ్ళాల్సింది ఆ రైల్వే గేటు మీదుగానే.

ఇది నా సొంత సిద్ధాంతం అనుకోవద్దు. చట్టానికి ఇది ఎప్పుడో తెలుసు. అత్యాచార బాధితుల గుర్తింపును బయటపెట్టడం నేరమంటూ 1983లో ఐపీసీలో 228-ఎ సెక్షన్ చేర్చారు. శిక్ష రెండేళ్ళ దాకా జైలు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే 72వ సెక్షన్ అయింది. రెండింటిలోనూ 'పేరు' అన్నచోట ఆగలేదు, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమైనా అన్నారు. పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా విడమరిచి చెప్పింది: పిల్లల పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు. ఇరుగుపొరుగు అన్న మాట కూడా చట్టంలోనే ఉంది చూడండి. ఆ నేరానికి రాసినవాడితో పాటు ప్రచురణకర్త, యజమాని కూడా బాధ్యులే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ బాధిత పిల్లలకే పరిమితం కాలేదు. నేరం ఆరోపణ ఎదుర్కొంటున్న పిల్లలకూ, సాక్ష్యం చెప్పే పిల్లలకూ అదే రక్షణ ఇచ్చింది. ఈ మూడు సెక్షన్లూ కలిపినా ఒక పేజీకి మించవు. నా సర్వీసులో ఏ డెస్కు గోడ మీదా ఆ పేజీ అంటించి ఉండగా చూడలేదు. నేను ఇన్‌చార్జిగా ఉన్న గది గోడ మీద కూడా లేదు.

2018 డిసెంబరు 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు జస్టిస్ మదన్ బి. లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తాల ధర్మాసనం ఇచ్చిన తీర్పు మీలో చాలామంది చదివే ఉంటారు. చదవని వాళ్ళు ఈ రాత్రికే చదవండి. అందులో మన పనితీరు నుంచే తీసిన ఉదాహరణలున్నాయి. ఒక అమ్మాయి పేరు రాయకుండా, రాష్ట్ర బోర్డు పరీక్షల్లో మొదటి స్థానం తెచ్చుకుందని, ఏ రాష్ట్రమో కూడా చెప్పి వార్త ఇచ్చారు. ఇక ఆమె ఎవరో కనుక్కోవడం ఎంతసేపు? ఇంకొకచోట బాధితురాలి ముఖం మసకబార్చి, ఆమె బంధువుల ముఖాలు, పక్కింటివాళ్ళ ముఖాలు, ఊరి పేరు స్పష్టంగా చూపించారు. ఇవన్నీ గుర్తింపు బయటపెట్టడమేనని కోర్టు తేల్చింది. దూరపు ఆనవాలు కూడా ఇవ్వకూడదంది. ఆ భాగం చదువుతుంటే నా టేబుల్ మీద ఆ వంటమనిషి పెట్టిన వేలు మళ్ళీ కళ్ళముందు కదిలింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో, జమ్మూకశ్మీర్‌లోని కఠువాలో అత్యాచారానికి, హత్యకు గురైన చిన్నారి పేరు, ఫొటో ప్రచురించిన మీడియా సంస్థలు తలా 10 లక్షల రూపాయలు కట్టాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. అంటే 2018లో మనకు కోర్టుల నుంచి పాఠం రెండుసార్లు వచ్చింది.

అయినా 2019 నవంబరులో ఏం జరిగింది? సుప్రీంకోర్టు తీర్పుకు ఏడాది కూడా నిండలేదు. శంషాబాద్ తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర 27వ తేదీ రాత్రి మాయమైన అమ్మాయి మృతదేహం మర్నాడు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దొరికింది. ఆమె పేరు, నవ్వుతున్న ఫొటో, ఉద్యోగం, ఇల్లు ఉన్న కాలనీ గంటల్లో దేశమంతా తిరిగాయి. ఆ తర్వాత గానీ సైబరాబాద్ పోలీసులు ఆమెను 'దిశ' అనాలని కోరలేదు. అప్పటికి ఆ పేరు దేనికీ అడ్డు కాలేకపోయింది. ఆమె చనిపోయింది కదా, ఇంకా దాచేదేముందని ఆ రోజుల్లో నాతో వాదించిన మిత్రులున్నారు. చనిపోయినవాళ్ళ విషయంలోనూ గుర్తింపు బయటపెట్టకూడదనీ, రక్తసంబంధీకులు ఒప్పుకున్నా సరిపోదనీ, అంత అవసరమే ఉంటే సెషన్స్ జడ్జి నిర్ణయించాలనీ సక్సేనా తీర్పులో స్పష్టంగా ఉంది. ఆ ఇంటి ముందు మైకులు పట్టుకుని నిలబడ్డప్పుడు అది ఎవరికీ గుర్తు రాలేదు.

'తల్లే మైకు ముందుకొచ్చి మాట్లాడింది, అంటే ఒప్పుకున్నట్టే కదా' అనే మాట నేను వందసార్లు విన్నాను. కూతురు పోయి ఇంకా స్పృహలోకి రాని తల్లి మన మైకు ముందు ఏడిస్తే దానికి ఒప్పుకోలు అని పేరు పెట్టడం ధర్మం కాదు. వయసొచ్చిన బాధితురాలు తనంతట తాను, తన పేరుతోనే మాట్లాడతానని రాసిస్తే అది వేరే సంగతి. చట్టం కూడా దానికి దారి ఉంచింది. అలా ధైర్యంగా మాట్లాడిన స్త్రీల మాటను మనం గౌరవంగా అచ్చువెయ్యాలి. ఆ నిర్ణయం తీసుకోవలసింది మాత్రం ఆమే.

అత్యాచార వార్తల్లో కనీసం ఒక గీత ఉందని మనకు తెలుసు. ఏ గీతా లేదనుకుని మనం రోజూ అచ్చువేసే వార్తలు ఇంకా ఉన్నాయి. నన్ను ఎక్కువ బాధపెట్టేవి అవే.

'పోలీసులను ఆశ్రయించిన ప్రేమజంట'. ఈ శీర్షిక పెట్టని తెలుగు డెస్కు ఉండదు. మెడలో దండలతో ఇద్దరు పిల్లలు, వెనక స్టేషన్ బోర్డు. ఇద్దరి పేర్లు, ఇంటిపేర్లు, ఇద్దరి ఊళ్ళు, కులాలు వేరన్న సంగతి, అబ్బాయి ఎక్కడ పనిచేస్తున్నాడు, ప్రస్తుతం ఎవరింట్లో ఉంటున్నారు, అన్నీ రాస్తాం. వాళ్ళు స్టేషన్‌కు వచ్చిందే ప్రాణభయంతో. ఎవరికి భయపడి పారిపోయి వచ్చారో వాళ్ళకు మనమే చిరునామా అందిస్తున్నాం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర పెళ్ళి చేసుకున్న యువకుణ్ణి ఆస్పత్రి బయట పట్టపగలు నరికి చంపడం చూశాక కూడా ఆ వార్తలో ఊరు, ఇల్లు రాయాలని మన చేతికి ఎలా వస్తుంది?

'వివాహేతర సంబంధమే కారణం'. రిమాండ్ రిపోర్టులో పోలీసులు రాసిన ఊహ ఇది. స్టేషన్ రైటర్ దగ్గర జిరాక్స్ తీసుకుని దాన్నే శీర్షిక చేస్తాం. హత్య చేసినవాడు ఒకడు, చచ్చినవాడు ఒకడు. మధ్యలో ఒక స్త్రీ పాస్‌పోర్టు ఫొటో మూడు కాలమ్‌ల బాక్సులో ఉంటుంది. ఆమె మీద కేసు ఉండకపోవచ్చు. వివాహేతర సంబంధం నేరమే కాదని 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు చెప్పింది. ఆరేళ్ళ తర్వాత కోర్టులో ఆ కేసు కొట్టేస్తారు. ఆ వార్త మనం సింగిల్ కాలమ్ కూడా వెయ్యం. ఆమె పిల్లలు మాత్రం బడిలో ఆ మొదటిరోజు శీర్షికతోనే పెరుగుతారు.

ఆత్మహత్యల సంగతి మరీ దారుణం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో తప్పులు ఉన్నాయని ప్రభుత్వాన్ని నిలదీసింది మన పత్రికలే. అది గొప్ప పని. కానీ అదే పేజీల్లో ఆ పిల్లల హాల్‌టికెట్ ఫొటోలు, ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు వచ్చాయో, ఏ గదిలో ఎలా చనిపోయారో కూడా అచ్చయ్యాయి. బోర్డును నిలదీయడానికి ఆ గది వర్ణన అక్కర్లేదు. అదే ఏడాది సెప్టెంబరులో ప్రెస్ కౌన్సిల్ ఆత్మహత్య వార్తలపై మార్గదర్శకాలు ఇచ్చింది: పద్ధతి వర్ణించొద్దు, చోటు వివరాలు ఇవ్వొద్దు, ఫొటోలు వెయ్యొద్దు. మానసిక చికిత్స పొందుతున్నవారి ఫొటో గానీ వివరాలు గానీ వాళ్ళ అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం 24వ సెక్షన్ కూడా చెబుతోంది. చనిపోయినవాళ్ళ చివరి ఉత్తరం ఇంట్లోవాళ్ళకు రాసింది. దాన్ని మనం స్కాన్ చేసి, అక్షరాలు కనబడేలా పెద్దది చేసి, ఆ ఇంట్లోవాళ్ళు చదివేలోపే రాష్ట్రమంతా పంచుతున్నాం.

'యువతి అదృశ్యం' అని ఫొటో, ఇంటి ఫోన్ నంబరు వేస్తాం. వెతికేటప్పుడు అది అవసరమే, కాదనను. ఆ అమ్మాయి తిరిగొచ్చాక ఆ ఫొటో ఈ-పేపర్లో, వాట్సాప్‌లో అలాగే తిరుగుతూ ఉంటుంది. దాన్ని తీసేయాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

2020 మార్చి మొదట్లో తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడినప్పుడు ఆ రోగి ఏ బస్సులో వచ్చాడో రాయడం అవసరం, అందులో ఉన్న మిగతా ప్రయాణికులు జాగ్రత్త పడాలి కాబట్టి. ఆయన ఉండే కాలనీలోకి కెమెరాలు వెళ్ళడం వల్ల ఎవరి ఆరోగ్యం బాగుపడింది? ఆ కాలనీ పేరు ఇక్కడ మళ్ళీ రాయను. ఒకే మనిషి గురించిన రెండు వివరాల్లో ఒకటి రాసి తీరాల్సింది, ఒకటి రాయకూడనిది. ఏది ఏదో తేల్చడమే కదా డెస్కు పని.

సినిమావాళ్ళ విషయంలో మన చానెళ్ళు, యూట్యూబ్ చానెళ్ళు దాటిన హద్దుల గురించి ఎక్కువ చెప్పను. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం విడాకుల విచారణ రహస్యంగా జరగాలి, ఆ విషయాలు అచ్చువెయ్యకూడదు. అలాంటిది విడాకుల సంగతులు తెర మీద పెట్టి గంటలకొద్దీ చర్చించారు. 2021 అక్టోబరులో నటి సమంత కూకట్‌పల్లి కోర్టుకు వెళ్ళి, తన గురించి పెట్టిన అలాంటి వీడియోలు తీసేయాలన్న ఆదేశం తెచ్చుకోగలిగారు. ఆమెకు లాయరున్నారు. రైల్వే గేటు దగ్గరి టైలర్ భార్యకు ఎవరున్నారు?

'గోప్యత' అన్న మాట వింటే అదేదో ఇంగ్లీషు చదువులవాళ్ళు తెచ్చిన సరుకు అన్నట్టు మాట్లాడేవాళ్ళు మన వృత్తిలో ఉన్నారు. మనకు 'గుట్టు' అన్న మాట ఎప్పటినుంచో ఉంది. గుట్టుగా కాపురం చేసుకుంటోంది అంటే మన ఇళ్ళల్లో అది పొగడ్త. ఇక చట్టం మాటకొస్తే, ఈ హక్కు కోసం మొదట నిలబడ్డవాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు. 1962లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఖరక్‌సింగ్ కేసులో, పోలీసులు ఒక మనిషి మీద నిఘా పెట్టడం అతని స్వేచ్ఛను హరించడమేననీ, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేననీ రాజమహేంద్రవరంవాడైన జస్టిస్ కోకా సుబ్బారావు భిన్నతీర్పు రాశారు. అప్పుడు అది ఓడిపోయిన మాట. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అన్నప్పుడు ఆ మాటే గెలిచింది. మధ్యలో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి జస్టిస్ పి.ఎ. చౌదరి, భార్యను బలవంతంగా కాపురానికి పంపమనడానికి కోర్టుకు అధికారం ఇచ్చే సెక్షనే చెల్లదన్నారు. ఆమె శరీరం, ఆమె ఇష్టం ఆమెవే అన్నారు. ఆ తీర్పు పైన నిలబడలేదు. అయినా ఈ దేశంలో ఆ మాట అంత గట్టిగా అన్న తొలి గొంతుల్లో అదొకటి.

మనకు సూటిగా తగిలే సుప్రీంకోర్టు తీర్పు 1994 నాటిది, రాజగోపాల్ కేసు. రాసింది జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఆటో శంకర్ అనే ఉరిశిక్ష ఖైదీ ఆత్మకథను అచ్చువేస్తామన్న నక్కీరన్ పత్రికకు అడ్డుపడే హక్కు అధికారులకు లేదని ఆయన తేల్చారు. మన వృత్తికి అంత పెద్ద అండ ఇచ్చిన తీర్పు అది. అదే తీర్పులో ఆయన ఇంకో మాట కూడా రాశారు. మనిషి తన పెళ్ళి, కుటుంబం, మాతృత్వం, చదువు వంటి విషయాల్లో తన గుట్టు తాను కాపాడుకునే హక్కు ఉన్నవాడు. ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నది రాయొచ్చు. కానీ లైంగిక దాడికి, అపహరణకు గురైన స్త్రీ పేరు మాత్రం రికార్డుల్లో ఉన్నా సరే ప్రచారం చేసి ఆమెను మళ్ళీ అవమానించకూడదు. 'ఎఫ్‌ఐఆర్‌లో ఉంది కాబట్టి వేశాం' అని మనం చెప్పే సమాధానానికి మూడు దశాబ్దాల కిందటే జవాబు రాసిపెట్టారాయన. పత్రికా స్వేచ్ఛనూ మనిషి గుట్టునూ ఒకే కాగితం మీద నిలబెట్టిన ఆ తీర్పును జర్నలిజం స్కూళ్ళలో మొదటివారమే చదివించాలని నా కోరిక.

'ఇలా అన్నీ దాచుకుంటూ పోతే వార్తలు రాయడమెలా' అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 'గుట్టు రట్టు' అన్న శీర్షిక నా సర్వీసులో లెక్కలేనన్నిసార్లు పెట్టాను, ఇప్పటికీ గర్వపడతాను. కల్తీ నూనె ముఠా గుట్టు, నకిలీ విత్తనాల వ్యాపారి గుట్టు, ఇసుక రీచుల్లో వాటాల గుట్టు బయటపెట్టడానికే మనం ఉన్నాం. ఎమ్మెల్యే ఆస్తులు, ఆయన బినామీ భూముల సర్వే నంబర్లు, కాంట్రాక్టరుతో ఆయన బంధుత్వం, ఏదీ దాచొద్దు. అభ్యర్థి ఆస్తులు, కేసులు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని సుప్రీంకోర్టు చెప్పిన దేశం ఇది. ప్రజల సొమ్ముతో, ప్రజల అధికారంతో ముడిపడ్డ ఏ వివరమూ సొంతం కాదు. కానీ ఆ ఎమ్మెల్యే కూతురు ఏ కాలేజీలో ఎవరితో తిరుగుతోందో మనకెందుకు?

ఇంకో భయం కూడా ఉంది, అది మీకూ ఉందని నాకు తెలుసు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, అంతకుముందు ముసాయిదాల్లో జర్నలిజానికి ఉంచిన మినహాయింపు లేదు. అదే చట్టంతో సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని కూడా మార్చారు. వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట ఆ క్లాజు నుంచి ఎగిరిపోయింది. రేపు ఒక అధికారి తన అక్రమాస్తుల చిట్టా కూడా వ్యక్తిగత డేటాయేనని మన మీదికి రావచ్చు. దీన్ని మనం ఎదిరించాలి, గట్టిగా ఎదిరించాలి. అయితే ఎదిరించే రోజున పాలకులు మన పాత పేజీలు తీసి చూపిస్తారు. హాస్టల్ వంటమనిషి కూతురినీ మంత్రి బినామీనీ ఒకే తీరుగా వీధిన పెట్టేవాళ్ళకు మినహాయింపు ఎందుకివ్వాలని అడుగుతారు. ఆ రోజు ప్రజలు మన పక్కన నిలబడాలంటే, వాళ్ళ గుట్టును ఇన్నాళ్ళూ మనం కాపాడి ఉండాలి.

కంట్రిబ్యూటర్లను ఒక్కమాట అనడానికి నాకు నోరు రాదు. అచ్చయిన వార్త కొలతను బట్టి డబ్బులిస్తాం మనం. ఎక్కువ వివరాలు రాస్తే ఎక్కువ జాగా, ఎక్కువ జాగా ఉంటే నాలుగు రూపాయలు ఎక్కువ. పైగా పొద్దున్నే 'పక్క పేపర్లో ఫొటో ఉంది, మనకెందుకు లేదు' అని ఫోన్ చేసేది డెస్కే. నేనే చేశాను. ఆ కుర్రాడు స్టేషన్ చుట్టూ తిరిగి ఎలాగో ఫొటో సంపాదించి పంపితే శభాష్ అన్నాను. ఫొటో మిస్సయినందుకు మెమో ఇచ్చాం గానీ, వెయ్యకూడని ఫొటో వేసినందుకు మెమో ఇచ్చిన గుర్తు నాకు లేదు. రాజకీయ నాయకులు దీన్ని బాగా కనిపెట్టారు. 2022 జూన్‌లో జూబ్లీహిల్స్ బాలికపై అత్యాచారం కేసులో దృశ్యాలను ప్రెస్‌మీట్‌లో బయటపెట్టినందుకు ఒక ఎమ్మెల్యే మీద కేసు నమోదైంది. ఎదురుగా మన మైకులు, కెమెరాలు లేకపోతే ఆయన వాటిని ఎవరికి చూపించేవాడు?

ఇప్పుడు నేను అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. లైంగిక నేరాల వార్తల్లో, పిల్లల వార్తల్లో ఊరి పేరుతో డేట్‌లైన్, అంటే వార్త మొదట్లో వేసే ఊరి పేరు, ఆపేయండి. జిల్లా పేరు చాలు. బంధుత్వం, వృత్తి, బడి, కులం తీసేయండి. కాపీ చూసే సబ్ ఎడిటర్ ఒక్కసారి ఆ పక్కింటి మనిషై ఆ కాపీ చదవాలి. ఎవరో తెలిసిపోతే ఆ కాపీ ఇంకా పూర్తికానట్టే లెక్క. రక్షణ కోసం వచ్చిన జంటల చిరునామా ఎప్పుడూ ఇవ్వకండి. కేసు కొట్టేస్తే ఆ వార్తను అరెస్టు వార్త వేసిన పేజీలోనే, అంత జాగాలోనే వెయ్యండి.

పాత వార్తల మాట కూడా ఆలోచించండి. మా కాలంలో పేపరు మర్నాటికి పొట్లమయ్యేది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో పదేళ్ళ కిందటి వార్త కూడా పేరు కొడితే మొదటి వరసలో వస్తుంది. పెళ్ళి సంబంధం చూసేవాళ్ళకు, ఉద్యోగం ఇచ్చేవాళ్ళకు అదే కనబడుతుంది. నిర్దోషిగా తేలినవాళ్ళు, బాధితులు, అప్పట్లో పిల్లలుగా ఉన్నవాళ్ళు వచ్చి అడిగితే ఆ పేజీని తీసేయడానికి ప్రతి సంస్థలో ఒక మనిషి, ఒక ఫోన్ నంబరు ఉండాలి. ఆ నంబరు రోజూ పేపర్లో, చానెల్ తెర మీద కనబడాలి.

ఫిర్యాదు ఎలా చెయ్యాలో కూడా పాఠకులకు మనమే చెప్పాలి. దినపత్రికలో వార్త వచ్చిన రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. అంతకుముందు సంపాదకుడికి ఉత్తరం రాయాలి. ఈ సంగతి తెలిసినవాళ్ళు మన పాఠకుల్లో ఎంతమంది? కౌన్సిల్ మహా అయితే హెచ్చరిస్తుంది, మందలిస్తుంది, తప్పుపడుతుంది. జరిమానా వేసే అధికారం దానికి లేదు. టీవీ చానెళ్ళు దాని పరిధిలోకే రావు. అందుకే ఈ ఉత్తరం కౌన్సిల్‌కు రాయకుండా మీకు రాశాను. రాత్రి పదకొండున్నరకు ఆ వాక్యాన్ని ఆపగలిగేది మీరు, మీ డెస్కులో కూర్చున్న పాతికేళ్ళ పిల్లలు.

ఆ పిల్లలకు ఒక పూట కేటాయించి నన్ను పిలిస్తే, ఏ జిల్లాకైనా నా ఖర్చుతో నేనే వస్తాను. ఆ తండ్రి నా టేబుల్ మీద వదిలేసి వెళ్ళిన పేపరు ఇంకా నా దగ్గరే ఉంది. తెచ్చి చూపిస్తాను. ఊరి పేరు, హాస్టల్ మాట, కుమార్తె మాట నల్లసిరాతో కొట్టేసి ఉంటాయి. అవి పోయాక కూడా ఆ వార్తలో చెప్పాల్సినవన్నీ ఉన్నాయి: ఏ నేరం జరిగింది, నిందితుడు ఎవరు, పోలీసులు ఎన్ని రోజులు ఆలస్యం చేశారు. ఆ రాత్రి నేను కొట్టేయాల్సింది ఒక్క లైను.

ఇట్లు,
మీ పాత సహోద్యోగి